మా బీజీఎంఐ వాట్సాప్ గ్రూప్‌ని డిస్కార్డ్‌కి మార్చాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

గోదారి_స్నైపర్
శుక్రవారం, రాత్రి 9:40

అందరికీ నమస్తే. మాది రాజమండ్రి, కాకినాడ, భీమవరం చుట్టుపక్కల కుర్రాళ్ల బీజీఎంఐ (పబ్‌జీ మొబైల్‌కి ఇండియా వెర్షన్, ఫోన్‌లో ఆడే షూటింగ్ గేమ్) గ్రూపు. కాలేజీ ఫ్రెండ్స్‌తో మొదలై, ఫ్రెండ్స్‌కి ఫ్రెండ్స్ కలిసి ఇప్పుడు డెబ్బై మంది దాకా అయ్యాం. అంతా వాట్సాప్‌లోనే. పొద్దున గుడ్‌మార్నింగ్ ఫొటోలు, మధ్యాహ్నం మీమ్స్, రాత్రి ఎవడో కస్టమ్ రూమ్ (మావాళ్లే కలిసి ఆడే ప్రైవేట్ మ్యాచ్) ఐడీ, పాస్‌వర్డ్ పెడితే అది రెండు నిమిషాల్లో పైకి కొట్టుకుపోతుంది, ఆ తర్వాత పదిమంది "ఐడీ ఏంటి, ఐడీ ఏంటి" అని అడుగుతూనే ఉంటారు, ఈలోపు మ్యాచ్ స్టార్ట్ అయిపోతుంది. ఇంక మా వల్ల కాదు.

డిస్కార్డ్‌కి, అదే గేమర్లు రాసుకుంటూ, వాయిస్‌లో మాట్లాడుకునే యాప్‌కి, వెళ్దాం అనుకుంటున్నాం. యూట్యూబ్‌లో వీడియోలు చూస్తే ఒక్కొక్కరు ముప్ఫై నలభై చానెల్స్ (గ్రూపు లోపలి గదులు), ఇన్ని బాట్లు (వాటంతటవే పనిచేసే ప్రోగ్రామ్‌లు) పెట్టి చూపిస్తున్నారు, చూస్తేనే టెన్షన్ వస్తోంది. మావాళ్లలో ముప్పావు వంతు మందికి పీసీ లేదు, ఫోనే. ఎలా మొదలుపెట్టాలో నడిపిన అనుభవం ఉన్నవాళ్లు కాస్త చెప్పండి.

ఒట్టి_లూట్
శుక్రవారం, రాత్రి 9:52

బ్రో, వద్దు. నిజంగా చెప్తున్నా. వాట్సాప్‌లో ఉన్నవాళ్లు వేరే యాప్‌కి రారు. డెబ్బైలో ఇరవై మంది వస్తారు, వారం తిరిగేసరికి ఐదుగురు మిగులుతారు, మిగతా చానెల్స్ అన్నీ ఖాళీగా పడుంటాయి. ఉన్న గ్రూపులోనే రూమ్ ఐడీ మెసేజ్‌ని పిన్ చేసుకోండి, అయిపోయింది.

క్యాంపర్_అక్క
శుక్రవారం, రాత్రి 10:15

లూట్ చెప్పింది సగం కరెక్టే, అందరూ రారు. కానీ పిన్ చేస్తే సరిపోతుందా లేదా అనేది ఇక్కడ పెద్ద విషయం కాదు. మీ గ్రూపులో అమ్మాయిలు ఎంతమంది ఉన్నారు? నా అంచనా, ఒకరిద్దరు, లేదా సున్నా. ఎందుకో తెలుసా? వాట్సాప్ గ్రూపులో చేరడం అంటే ముక్కూమొహం తెలియని డెబ్బై మందికి నా ఫోన్ నంబర్ ఇవ్వడం. రాత్రి ఒక మ్యాచ్ బాగా ఆడితే పొద్దున్నే "హాయ్ అక్కా, డీపీ బాగుంది" అని మొదలవుతుంది. బ్లాక్ చేస్తే ఇంకో నంబర్ నుంచి. నంబర్ ఒకసారి బయటికి వెళ్లాక వెనక్కి తీసుకోలేం కదా.

డిస్కార్డ్‌లో నంబర్ ఎవరికీ కనిపించదు. పెట్టుకున్న పేరు ఒక్కటే. ఆ సర్వర్‌లో (అక్కడ గ్రూపుని అలా అంటారు) వాళ్లెవరూ నాకు డీఎం (పర్సనల్ మెసేజ్) పంపకుండా ఒక్క స్విచ్‌తో ఆపేసుకోవచ్చు. ఇంకేమీ లేకపోయినా ఈ ఒక్క కారణానికి మారొచ్చని నేనంటాను.

వరంగల్_వైపర్
శుక్రవారం, రాత్రి 10:31

అక్క చెప్పినదానికి నాదొకటి కలుపుత. 2020 సెప్టెంబర్ గుర్తుందా? పబ్‌జీ మొబైల్ బ్యాన్ అయినప్పుడు మా క్లాన్ (ఆటలో మా జట్టు) మొత్తం ఆట లోపలే ఉండె. ఫ్రెండ్ లిస్టు ఆటలనే, చాట్ ఆటలనే. ఆట సర్వర్లు బందైనయి, సగం మంది ఎవరో, ఎక్కడివారో కూడా తెలియకుండ పోయిండ్రు. 2021 జులైలో బీజీఎంఐ వచ్చింది, మళ్లీ 2022 జులైలో స్టోర్లలో నుంచి మాయమైంది, 2023 మేలో తిరిగొచ్చింది. ఆ మధ్య 2022 ఫిబ్రవరిల ఫ్రీ ఫైర్ కూడా పోయింది. రెండోసారి పోయేసరికి మాకు డిస్కార్డ్ ఉంది కాబట్టి ఆ పది నెలలు వాలరెంట్ ఆడేటోళ్లు అది, సీవోడీ (కాల్ ఆఫ్ డ్యూటీ) ఆడేటోళ్లు అది, ఏం ఆడనోళ్లు ఊరికే కూర్చొని ముచ్చట్లు. మనుషులు మాత్రం చెదిరిపోలే.

అందుకే సర్వర్‌కి ఆట పేరు పెట్టకుర్రి. "బీజీఎంఐ గోదావరి" అని కాదు, మీ గ్రూపుకి ఒక సొంత పేరు పెట్టుర్రి.

గోదారి_స్నైపర్
శుక్రవారం, రాత్రి 10:44

అక్కా, మీరన్నట్టే, సున్నా. మా చెల్లెలి ఫ్రెండ్స్ ఇద్దరు బాగా ఆడతారు, గ్రూపులోకి రమ్మంటే రాలేదు, ఎందుకో ఇప్పుడు అర్థమైంది. పేరు విషయం కూడా బాగుంది అన్నా. సరే, అయితే మొదలెట్టడం ఎలా? ఎన్ని చానెల్స్ పెట్టాలి?

ఓపిగ్గా_ఉండు
శుక్రవారం, రాత్రి 11:20

నేను కొన్ని గేమింగ్ సర్వర్లకి మాడరేటర్‌గా ఉన్నాను, కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

ఫోన్ యాప్‌లో ఎడమవైపు ప్లస్ గుర్తు నొక్కితే సర్వర్ తయారవుతుంది, డబ్బులేం అక్కర్లేదు. గేమింగ్ టెంప్లేట్ ఎంచుకో, కొన్ని టెక్స్ట్, వాయిస్ చానెల్స్ అదే పెట్టి ఇస్తుంది. దానికి నువ్వు కలపాల్సింది ముందుగా ఒక్కటే: "రూమ్ ఐడీ" అనే చానెల్. అందులో రాసే అనుమతి నీకు, ఇంకో ఇద్దరు ముగ్గురికి మాత్రమే ఇవ్వు, మిగతావాళ్లు చదవడమే. నీ అసలు బాధ అక్కడితో తీరిపోతుంది. నిజానికి నీకు మొదటి నెల కావాల్సింది రూమ్ ఐడీ, కబుర్లు, క్లిప్స్, రెండు వాయిస్ రూములు. అంతే. ఒక సర్వర్‌లో ఐదువందల చానెల్స్ దాకా పెట్టుకోవచ్చు, అలాగని పెట్టమని కాదు. కొత్తగా వచ్చినవాడు లోపలికి అడుగుపెట్టగానే ముప్ఫై చానెల్స్ కనిపించి అందులో ఇరవై ఎనిమిదింటిలో ఒక్క మెసేజ్ కూడా లేకపోతే, ఇక్కడెవరూ లేరని వెళ్లిపోతాడు. నలుగురు ఒకేచోట మాట్లాడుకుంటుంటే ఐదోవాడు కూర్చుంటాడు. ఒక చానెల్లో రెండు రకాల మాటలు కలిసిపోయి జనమే విసుక్కుంటున్నప్పుడు రెండోది తెరవాలి, ముందే తెరిచి పెట్టకూడదు.

తర్వాత రెండు సెట్టింగులు, వీటిని ఎవరూ చెప్పరు. కొత్త సర్వర్‌లో ప్రతి మెసేజ్‌కీ నోటిఫికేషన్ మోగేలా ఉంటుంది. సర్వర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి దాన్ని "మెన్షన్స్ మాత్రమే"కి (పేరు పెట్టి పిలిస్తేనే మోగేలా) మార్చు. మార్చకపోతే మొదటి రాత్రికే సగం మంది సర్వర్‌ని మ్యూట్‌లో పెట్టేస్తారు, ఒకసారి మ్యూట్ చేసినవాడు మళ్లీ తీయడు. రెండోది, ఎట్ ఎవ్రీవన్ అని కొట్టి అందరినీ లేపే అధికారం మామూలు సభ్యులకి తీసెయ్.

ఇన్వైట్ లింక్‌కి గడువు ఉంటుంది, అరగంట నుంచి ముప్ఫై రోజుల దాకా, లేదా ఎప్పటికీ పోనిది. ఎంతమంది వాడొచ్చో కూడా పెట్టుకోవచ్చు. మీ వాట్సాప్ గ్రూపులో వేసేదానికి ఏడు రోజులు చాలు.

పాతకెఫె_మావ
శనివారం, ఉదయం 6:50

పొద్దున్నే కాఫీతో ఈ థ్రెడ్ చదువుతుంటే సరదాగా ఉంది. మా రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్ నెట్ సెంటర్లో కౌంటర్ స్ట్రైక్ 1.6 ఆడేటప్పుడు వాయిస్ చాట్ అంటే పక్క క్యాబిన్‌లోకి అరవడమే. ఓనరు వచ్చి తిడితే మ్యూట్. తర్వాత ఇంటికి బ్రాడ్‌బ్యాండ్ వచ్చాక టీమ్‌స్పీక్, వెంట్రిలో అనే వాయిస్ ప్రోగ్రామ్‌లు. వాటికి ఎవరో ఒకరు నెలనెలా డబ్బు కట్టి సర్వర్ అద్దెకి తీసుకోవాలి, ఐపీ అడ్రసు (నెట్‌లో కంప్యూటర్ చిరునామా), పోర్ట్ నంబరు, పాస్‌వర్డ్ అందరికీ పంచాలి, ఆ డబ్బు కట్టే మనిషికి పెళ్లయిపోతే టీమ్ మూతపడేది. అంతకుముందు ఐఆర్‌సీ అనే చాట్, అది 1988 నాటిది, అందులో ఉత్త రాతలే. కాకపోతే ఇప్పుడు చానెల్ అని మీరు పిలుచుకునే మాట అక్కడి నుంచి వచ్చిందే.

స్కైప్‌లో కూడా ఆడాం. అందులో అవతలివాడి ఐపీ అడ్రసు లాగేసి, ఓడిపోతున్నప్పుడు వాడి నెట్ పడగొట్టే దుర్మార్గులు ఉండేవారు. 2015 మేలో డిస్కార్డ్ వచ్చినప్పుడు గేమర్లు అంత త్వరగా దూకడానికి అదొక కారణం, ఐపీ ఎవరికీ కనిపించదు, సర్వర్ ఉచితం, బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది. దాన్ని పెట్టిన జేసన్ సిట్రన్, స్టానిస్లావ్ విష్నెవ్‌స్కీ అసలు చేసింది ఐప్యాడ్‌కి ఒక గేమ్, పేరు ఫేట్స్ ఫరెవర్. ఆట నడవలేదు, మాట్లాడుకునే సాధనం నడిచింది.

స్నైపర్ బాబూ, ఒకటే అడుగుతా. నువ్వు చదువైపోయి ఉద్యోగానికి బెంగళూరు వెళ్లిపోతే సర్వర్ తాళాలు ఎవరి దగ్గర ఉంటాయి? దానికి జవాబు ఇప్పుడే చూసుకో.

గోదారి_స్నైపర్
శనివారం, ఉదయం 9:05

మావా, భలే అడిగారు. నా ఫ్రెండ్ ఒకడున్నాడు, మొదటి నుంచీ నాతోపాటే. వాడికి కూడా అడ్మిన్ ఇచ్చేస్తే సరిపోతుందా?

ఓపిగ్గా_ఉండు
శనివారం, ఉదయం 9:48

ఆగు ఆగు. అడ్మినిస్ట్రేటర్ అనే అనుమతి ఉందే, అది ఒక్కటి టిక్ చేస్తే మిగతా అన్నీ ఇచ్చినట్టే. చానెల్స్ అన్నీ చెరిపేయొచ్చు, నువ్వు దాచిన చానెల్ కూడా వాళ్లకి కనిపిస్తుంది. మీ ఫ్రెండ్ మంచివాడే కావొచ్చు, కానీ వాడి అకౌంట్ ఎవడో కొట్టేస్తే? గేమింగ్ సర్వర్లు మునిగిపోయేది ఎక్కువగా అలాగే.

అందుకని "మాడ్" (మాడరేటర్) అని ఒక రోల్ (కొన్ని అనుమతులున్న హోదా) తయారుచెయ్. మెసేజ్‌లు తీసేయడం, టైమౌట్ (కాసేపు మాట్లాడకుండా ఆపడం) ఇవ్వడం, వాయిస్‌లో మ్యూట్ చేయడం, అవసరమైతే కిక్ చేయడం (బయటికి పంపడం), ఈ నాలుగూ దానికి ఇవ్వు. బ్యాన్ (మళ్లీ రాకుండా చేయడం) కూడా కావాలంటే ఇవ్వు. చానెల్స్ మార్చడం, రోల్స్ మార్చడం నీ దగ్గరే ఉంచుకో. ఇంకోటి, రోల్స్‌కి పైనా కిందా వరుస ఉంటుంది, తన రోల్ కంటే పైనున్నవాళ్లని మాడ్ ఏమీ చేయలేడు, కాబట్టి కొత్త రోల్ పెట్టిన ప్రతిసారీ అది వరుసలో ఎక్కడ పడిందో చూసుకో. మాడ్స్‌కి టూ ఫ్యాక్టర్ (పాస్‌వర్డ్‌తోపాటు ఇంకో కోడ్) తప్పనిసరి అనే సెట్టింగ్ కూడా ఉంది, ఆన్ చెయ్. ఓనర్‌షిప్ తర్వాత ఎప్పుడైనా వేరేవాళ్లకి బదిలీ చేయొచ్చు. మావ అడిగినదానికి జవాబు అది. నువ్వు బెంగళూరు వెళ్లే రోజు చెయ్, ఈరోజు కాదు.

మ్యూట్‌లో_ఉన్నా
శనివారం, ఉదయం 11:30

ఇవన్నీ సరే కానీ ఫోన్‌లో ఆడేవాళ్ల అసలు కష్టం ఎవరూ చెప్పట్లేదు. బీజీఎంఐ, డిస్కార్డ్ రెండూ ఒకే ఫోన్‌లో నడిపితే ఏమవుతుందో చెప్తా వినండి.

ఒకటి, ఆటలోని వాయిస్ పూర్తిగా ఆఫ్ చేయాలి, మైకూ స్పీకరూ రెండూ. లేకపోతే రెండు యాప్‌లు మైక్ కోసం కొట్టుకుంటాయి, నీ మాట ఇద్దరికి వినపడుతుంది, ఇద్దరికి వినపడదు, వినపడినవాళ్లకి రెండుసార్లు వినపడుతుంది. ఇంకోటి బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్. మైక్ ఆన్ అవ్వగానే చాలా బ్లూటూత్ సెట్లు పాటలు వినే మోడ్ నుంచి కాల్ మోడ్‌లోకి మారిపోతాయి, అప్పుడు శబ్దం మొత్తం పాత ల్యాండ్‌లైన్‌లా అయిపోయి అడుగుల చప్పుడు ఏ దిక్కు నుంచి వస్తోందో తెలియదు. ఆటలో అడుగుల చప్పుడు తెలియకపోతే ఇంక ఆడడం ఎందుకు. రెండొందల రూపాయల వైరు ఇయర్‌ఫోన్స్ కొనుక్కోండి, రెండువేల బ్లూటూత్ కంటే ఇక్కడ అదే నయం. ఫోన్‌కి ఆ జాక్ లేకపోతే టైప్ సీ వైరు.

ఇంక కొన్ని ఫోన్లు బ్యాటరీ మిగిల్చే పేరుతో వెనకాల నడుస్తున్న డిస్కార్డ్‌ని మధ్యలో చంపేస్తాయి. సరిగ్గా లాస్ట్ జోన్‌లో (మ్యాచ్ చివరి ఘట్టంలో) "హలో, హలో" అంటుంటే ఎవరూ పలకరు. సెట్టింగ్స్‌లో డిస్కార్డ్‌కి బ్యాటరీ పరిమితి తీసేయాలి. రెండు జీబీ ర్యామ్ ఫోన్లవాళ్లకి మాత్రం నా దగ్గర మందు లేదు, వాళ్లు ఆటలోని వాయిస్‌తోనే ఉండడం మేలు.

లాస్ట్‌జోన్_లక్కీ
శనివారం, మధ్యాహ్నం 12:10

డేటా ఎంత తాగుతుంది? మాకు రోజుకి ఒకటిన్నర జీబీ. పల్లెటూరు, వైఫై లేదు.

మ్యూట్‌లో_ఉన్నా
శనివారం, మధ్యాహ్నం 12:26

భయపడకు. వాయిస్ చానెల్ మామూలుగా 64 కేబీపీఎస్‌లో ఉంటుంది. అంటే సెకనుకి 8 కిలోబైట్లు, ఒక మనిషి గంటసేపు ఆపకుండా మాట్లాడితే 29 ఎంబీ దగ్గర. నలుగురి స్క్వాడ్‌లో నీకు వచ్చేవి ముగ్గురి గొంతులు, నువ్వు పంపేది ఒకటి, ఎవరూ ఊపిరి తీసుకోకుండా మాట్లాడినా గంటకి 120 ఎంబీ లోపే, నిజానికి అందులో సగం కూడా అవ్వదు. ఇంకా తగ్గించాలంటే ఓనర్ ఆ 64ని (బిట్‌రేట్ అంటారు) 32కి దించొచ్చు, మాట అర్థమవుతుంది. డేటా తాగేది స్క్రీన్ షేర్. ఫోన్ డేటా మీద ఎవరైనా స్ట్రీమ్ పెడితే చూడకు, అంతే.

డల్లాస్_డ్యూటీ
శనివారం, రాత్రి 8:15

నేను తాడేపల్లిగూడెం, ఇప్పుడు డల్లాస్‌లో ఉంటున్నా. మా స్కూల్ బ్యాచ్‌కి ఒక చిన్న సర్వర్ ఉంది, అటు నలుగురు, ఇటు ముగ్గురు. మీ గ్రూపులో బయట దేశాల్లో ఉన్నవాళ్లు ఉంటే ఇది పనికొస్తుంది. "శనివారం రాత్రి 9కి మ్యాచ్" అని రాస్తే మాకు అది పొద్దున పదిన్నర, చలికాలంలో గడియారాలు మార్చాక తొమ్మిదిన్నర, ప్రతిసారీ ఎవడో ఒకడు తప్పు లెక్కేసి గంట లేటుగా వస్తాడు. మెసేజ్‌లో టైమ్ టైప్ చేయడం మానేసి సర్వర్‌లో ఈవెంట్ పెట్టండి. ఎవరి ఫోన్‌లో వాళ్ల ఊరి టైమ్ చూపిస్తుంది, మొదలయ్యేటప్పుడు వస్తామన్నవాళ్లకి నోటిఫికేషన్ వెళ్తుంది.

వాయిస్ ముక్కలు ముక్కలుగా వస్తుంటే ఆ చానెల్ సెట్టింగ్స్‌లో రీజియన్ అని ఉంటుంది, దాన్ని ఇండియాకి మార్చి చూడండి. ఎక్కువమంది ఎటువైపు ఉంటే అటు పెట్టుకోవడమే, మిగిలినవాళ్లు సర్దుకోవాలి. మా సర్వర్‌లో అలా సర్దుకునేవాళ్లలో నేనొకణ్ని.

లాస్ట్‌జోన్_లక్కీ
శనివారం, రాత్రి 8:40

పాటలు పెట్టే బాట్ ఏది మంచిది? లాబీలో (మ్యాచ్ మొదలయ్యే ముందు ఆగే చోట) కూర్చున్నప్పుడు పాటలు ఉంటే ఆ మజానే వేరు.

ఓపిగ్గా_ఉండు
శనివారం, రాత్రి 9:02

యూట్యూబ్ నుంచి పాటలు లాగే పెద్ద బాట్లు రెండు, గ్రూవీ, రిథమ్, 2021లోనే మూతపడ్డాయి, యూట్యూబ్ ఒప్పుకోలేదు. ఆ తర్వాత వచ్చినవి వస్తుంటాయి, పోతుంటాయి. నా మాట వింటే మొదటి నెల ఒక్క బాట్ కూడా పెట్టకండి. బాట్‌ని చేర్చేటప్పుడు అది ఏయే అనుమతులు అడుగుతోందో చూపిస్తుంది, పాటలు పాడే బాట్‌కి అడ్మినిస్ట్రేటర్ ఎందుకు? అలా అడిగితే అక్కడే ఆపేయండి. చెడ్డ మాటలు ఆపడానికి కూడా బయటి బాట్ అక్కర్లేదు, డిస్కార్డ్‌లోనే ఆటోమాడ్ ఉంది.

క్యాంపర్_అక్క
శనివారం, రాత్రి 9:30

ఆటోమాడ్ మీద చిన్న మాట. అందులో రెడీమేడ్‌గా ఉండే జాబితాకి మన తెలుగు బూతులు రావు. మనవాళ్లు ఇంగ్లిష్ అక్షరాల్లో ఒకే బూతుని ఎనిమిది రకాల స్పెల్లింగుల్లో కొడతారు, మళ్లీ మధ్యలో చుక్కలు. సొంత జాబితా కూర్చుని రాసుకోవాలి, ఇద్దరు ముగ్గురు కలిసి రాయండి, ఒక్కళ్ల వల్ల కాదు, ఆ పని చేస్తుంటే నవ్వూ వస్తుంది, సిగ్గూ వేస్తుంది. పదం చివర స్టార్ పెడితే దాంతో మొదలయ్యేవన్నీ ఆగిపోతాయి కానీ జాగ్రత్త, "లం" పక్కన స్టార్ పెట్టారనుకోండి, "లంచ్ చేసొస్తా" అన్నవాడి మెసేజ్ కూడా ఆగిపోతుంది.

కానీ వాయిస్‌లో తిట్టేవాడిని ఆటోమాడ్ పట్టుకోదు. అక్కడ మనిషే కావాలి. వాయిస్‌లో ఒకమ్మాయి గొంతు వినగానే మొదలుపెట్టేవాళ్లు ఉంటారు, అప్పుడు గదిలో ఉన్న మిగతా తొమ్మిదిమంది ఏం చేస్తారన్నదే ఆ సర్వర్ ఎలాంటిదో చెప్తుంది. నేనున్న సర్వర్‌లో మాడ్ వాదన పెట్టుకోడు, వెంటనే సర్వర్ మ్యూట్, తర్వాత ఒక రోజు టైమౌట్, మళ్లీ చేస్తే బ్యాన్. మీటింగులు, క్షమాపణ వీడియోలు, "వాడు మంచోడే అక్కా, తాగి ఉన్నాడు" లాంటి రాయబారాలు లేవు. టైమౌట్ ఒక నిమిషం నుంచి వారం దాకా ఉంటుంది, మొదట్లోనే ఒకటిరెండు సార్లు గట్టిగా వాడండి.

మీ చెల్లెలి ఫ్రెండ్స్‌ని పిలిచే ముందు ఆ మాడ్ రోల్ వాళ్లలో ఒకరికి ఇస్తావా అని కూడా ఆలోచించు.

ఒట్టి_లూట్
శనివారం, రాత్రి 9:41

రూల్స్ పేజీ రాసి పెట్టుకోవాలి కదా, లేకపోతే బ్యాన్ చేస్తే "ఎక్కడ రాశావు చూపించు" అని గొడవ.

క్యాంపర్_అక్క
శనివారం, రాత్రి 9:45

రాయండి, కానీ ఐదు లైన్లు దాటితే ఎవరూ చదవరు. తిట్టొద్దు, అమ్మాయిల వెంట పడొద్దు, ఎవరి నంబర్, ఫొటో, ఊరు వివరాలు బయట పెట్టొద్దు, డబ్బు అడగొద్దు, మాడ్ మాటే చివరిది. దీన్ని తెలుగులోనే రాయండి.

వరంగల్_వైపర్
శనివారం, రాత్రి 10:20

"డబ్బు అడగొద్దు" అన్నరు కదా, దాని మీద అందరు ఒక్కసారి చూడుర్రి. చాలా సర్వర్లలో ఎంట్రీ ఫీజు రూములు నడుపుతుంటరు, మనిషికి యాభై యూపీఐ కొట్టు, చికెన్ డిన్నర్ కొట్టినోనికి (అంటే మ్యాచ్ గెలిచినోనికి) వెయ్యి. తెలంగాణలో 2017 నుంచి, ఆంధ్రలో 2020 నుంచి పైసలు పెట్టి ఆన్‌లైన్ ఆటలు ఆడుడు మీద చట్టాలున్నయి. 2025 ఆగస్టులో కేంద్రం కూడా చట్టం తెచ్చింది, నైపుణ్యం ఆటనా, అదృష్టం ఆటనా అని తేడా లేదు, పందెం ఉంటే బందే. ఈ-స్పోర్ట్స్‌కి అందులో వేరే చోటుంది గాని అది గుర్తింపు ఉన్న పోటీల సంగతి, మన యూపీఐ రూములు దాని కిందికి వస్తయని నేననుకోను. సర్వర్ ఓనర్ నువ్వు, ముందు అడిగేది నిన్నే. ఫ్రీ రూములు పెట్టుకోర్రి, గెలిచినోనికి ఒక రంగు రోల్ ఇయ్యుర్రి, పేరు బంగారు రంగుల కనిపిస్తె చాలు, దానికోసం ఎట్ల కొట్టుకుంటరో చూడు.

పాతకెఫె_మావ
ఆదివారం, ఉదయం 7:10

మీ గ్రూపులో స్కూలు పిల్లలు ఉన్నారా? డిస్కార్డ్‌కి కనీసం 13 ఏళ్లు ఉండాలి. బీజీఎంఐలో 18 లోపువాళ్లకి రోజుకి మూడు గంటల పరిమితి ఉంది, ఆట ఆగిపోయినా వాయిస్ రూములో అర్ధరాత్రి దాకా కూర్చుంటారు వాళ్లు. మా అబ్బాయి తొమ్మిదో తరగతి, అందుకే చెప్తున్నా. పెద్దవాళ్ల కబుర్లకి వేరే చానెల్ పెట్టి, దాన్ని వయసు పరిమితి ఉన్న చానెల్‌గా మార్చుకునే వీలుంది. అయినా పిల్లలు వయసు అబద్ధం చెప్తారు, కాబట్టి ఎవరు పిల్లలో మాడ్స్‌కి తెలిసి ఉండడం మంచిది.

మ్యూట్‌లో_ఉన్నా
ఆదివారం, ఉదయం 10:00

మోసాల సంగతి కూడా ముందే చెప్పి పెట్టు స్నైపర్. ఫ్రీ నైట్రో (డిస్కార్డ్ పెయిడ్ ప్లాన్) గిఫ్ట్ అని లింక్ వస్తుంది, నొక్కితే అచ్చం డిస్కార్డ్‌లాగే కనిపించే పేజీ, పాస్‌వర్డ్ కొడితే పోయింది. ఇంకోటి, క్యూఆర్ కోడ్ పంపి స్కాన్ చేస్తే బహుమతి అంటారు, అది నీ అకౌంట్‌లోకి వాళ్లు లాగిన్ అయ్యే కోడ్. మూడోది బాగా తెలివైనది, "బ్రో, నేనొక గేమ్ చేశా, ఆడి చెప్పవా" అని ఫ్రెండ్ అకౌంట్ నుంచే ఫైల్ వస్తుంది, ఆ ఫ్రెండ్ అకౌంట్ అప్పటికే ఎవడో కొట్టేసి ఉంటాడు. ఫ్రెండే పంపాడు కదా అని నమ్మకుండా ఫోన్ చేసి అడగాలి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి (సైబర్ మోసాల హెల్ప్‌లైన్) ఫోన్ చేయాలి, డబ్బు కాని వేధింపులకైతే సైబర్ క్రైమ్ పోర్టల్. మెసేజ్ చెరిపేసే ముందు స్క్రీన్‌షాట్ తీయడం మర్చిపోవద్దు.

అలాగే ఇది రహస్యంగా దాచుకునే చోటు కూడా కాదు. వాయిస్, వీడియో కాల్స్‌కి ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ (మాట్లాడుకునేవాళ్లు తప్ప ఎవరూ వినలేని రక్షణ) 2024లో తేవడం మొదలుపెట్టారు, రాసే మెసేజ్‌లకి లేదు. ఆధార్, ఓటీపీ లాంటివి అక్కడ పెట్టొద్దు.

లాస్ట్‌జోన్_లక్కీ
ఆదివారం, ఉదయం 10:18

క్లిప్ పెడదామంటే ఫైల్ పెద్దది అంటోంది ఏంటి?

మ్యూట్‌లో_ఉన్నా
ఆదివారం, ఉదయం 10:25

డబ్బు కట్టనివాళ్లకి ఒక్కో ఫైల్‌కి 10 ఎంబీ. ఫోన్ స్క్రీన్ రికార్డింగ్ పావు నిమిషానికే దాటిపోతుంది. యూట్యూబ్‌లో అన్‌లిస్టెడ్‌గా ఎక్కించి లింక్ వెయ్, అక్కడే ప్లే అవుతుంది.

గోదారి_స్నైపర్
బుధవారం, రాత్రి 10:50

అందరికీ థాంక్స్. ఆదివారం సాయంత్రం తెరిచాం. టెక్స్ట్ చానెల్స్ మూడు, వాయిస్ రెండు, బాట్లు లేవు. వాట్సాప్ గ్రూపుని మూసేయలేదు, రూమ్ ఐడీ మాత్రం అక్కడ పెట్టడం ఆపేశాం, "ఐడీ డిస్కార్డ్‌లో ఉంది" అని ఒక్క మెసేజ్. లూట్ అన్నట్టే అందరూ రాలేదు, సగం లోపే. కానీ రోజూ ఆడేవాళ్లంతా వచ్చేశారు. మీమ్స్‌వాళ్లు వాట్సాప్‌లోనే హాయిగా ఉన్నారు.

నేను ఊహించనిది ఒకటి జరుగుతోంది. ఆట అయిపోయాక కూడా వాయిస్‌లో కూర్చుంటున్నారు. నిన్న రాత్రి ఒకడు అన్నం తింటూ, ఒకడు రేపటి ల్యాబ్ రికార్డు రాసుకుంటూ, ఎవరూ ఆడట్లేదు. చెల్లెలి ఫ్రెండ్స్ ఇద్దరూ వచ్చారు, ఒకరికి మాడ్ ఇచ్చాను, నిన్ననే ఒకడికి టైమౌట్ ఇచ్చింది కూడా, ఎవరూ కిక్కురుమనలేదు.

ఒక్క చిక్కు ఉంది. నా ఫ్రెండ్ గురించి చెప్పాను కదా, మాడ్ ఇచ్చాను, కానీ "నాకు అడ్మిన్ ఎందుకు ఇవ్వలేదు, గ్రూపు ఇద్దరం కలిసి పెట్టాం కదా" అని మొహం ముడుచుకున్నాడు. వాట్సాప్‌లో వాడు అడ్మినే. ఏం చెప్పాలి వాడికి?

ఓపిగ్గా_ఉండు
బుధవారం, రాత్రి 11:05

ఇది సెట్టింగ్స్‌లో దొరికే జవాబు కాదు, కానీ ఒక ఉపాయం చెప్తా. మాడ్ కంటే పైన వాడికి వేరే రోల్ పెట్టు, "ఫౌండర్" అని, నీక్కూడా అదే రోల్, ఇద్దరి పేర్లూ ఒకే రంగులో, సభ్యుల లిస్టులో అన్నిటికంటే పైన విడిగా కనిపించేలా. దానికి చానెల్స్ మార్చే అనుమతి ఇవ్వు, ఈవెంట్లు పెట్టే అనుమతి ఇవ్వు. అడ్మినిస్ట్రేటర్ టిక్ మాత్రం వద్దు. మనుషులకి కావాల్సింది ఎక్కువసార్లు ఆ టిక్ కాదు, పేరు పైన కనిపించడం. వాడు టూ ఫ్యాక్టర్ పెట్టుకున్నాడా?

గోదారి_స్నైపర్
బుధవారం, రాత్రి 11:09

లేదు, "ఎందుకురా ఆ గోల" అంటున్నాడు.

ఓపిగ్గా_ఉండు
బుధవారం, రాత్రి 11:11

అయితే అది పెట్టుకున్న రోజు ఫౌండర్ రోల్ ఇస్తానని చెప్పు.

పాతకెఫె_మావ
గురువారం, ఉదయం 6:40

ఓపిగ్గా గారూ, మీరు పెళ్లి సంబంధాలు కూడా కుదుర్చుతారా?

లాస్ట్‌జోన్_లక్కీ
గురువారం, ఉదయం 8:20

స్నైపర్ అన్నా, మాది అమలాపురం దగ్గర. మీ సర్వర్‌లో మాలాంటి వాళ్లని చేర్చుకుంటారా? లింక్ ఇక్కడ పెట్టవా.

ఓపిగ్గా_ఉండు
గురువారం, ఉదయం 8:31

ఇక్కడ పెట్టకు స్నైపర్. బయట అందరికీ కనిపించే చోట పడిన లింక్‌తో గంటలో స్పామ్ అకౌంట్లు దిగుతాయి. ఒక్కరే వాడగలిగేలా, ఒక రోజు గడువుతో లింక్ తీసి లక్కీకి మెసేజ్‌లో పంపు. లోపలికి వచ్చాక మీ మాడ్ ఎవరైనా ఒకసారి వాయిస్‌లో పలకరిస్తే చాలు.

గోదారి_స్నైపర్
గురువారం, ఉదయం 8:50

పంపాను లక్కీ, చూస్కో. రాత్రి తొమ్మిదిన్నరకి ఎరాంగెల్ మ్యాప్‌లో మ్యాచ్, ఈవెంట్ పెట్టి ఉంది. వైరు ఇయర్‌ఫోన్స్ తెచ్చుకో.